కుళ్ళే సంచీ, కుళ్ళబెట్టే కుప్పా

(స్మారకోపన్యాస పాఠం)



2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర ఒక కొత్త సంచి అమ్మకానికి వచ్చింది. డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు రూపొందించిన సంచి అది. మొక్కజొన్న పిండితో చేశామనీ, పారేస్తే 90 రోజుల్లో మట్టిలో కలిసిపోతుందనీ చెప్పారు. అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్ సతీశ్‌రెడ్డి గారు స్వయంగా వచ్చి ఆ కౌంటరు ప్రారంభించారు. క్షిపణులు చేసే సంస్థ లడ్డూ సంచి మీద కూడా బుర్ర పెట్టిందంటే సంతోషించాల్సిందే. కొండ మీద ప్లాస్టిక్ లేకుండా చేయడానికి దేవస్థానం పడుతున్న పాట్లు కూడా తక్కువేం కాదు. అయితే లడ్డూ కొండ మీదే ఉండిపోదు కదా. గుంటూరు వస్తుంది, కరీంనగర్ వస్తుంది, బెంగళూరు, చెన్నై పోతుంది. వీధిలో పదిళ్ళకూ ప్రసాదం పంచాక సంచి వంటింట్లో మిగులుతుంది. నాలుగు రోజులు అందులో ఉల్లిపాయలు పోసుకుంటారు. ఒకరోజు పిడి తెగుతుంది. అప్పుడు దాన్ని తడి చెత్త డబ్బాలో వేయాలా, పొడి చెత్త డబ్బాలో వేయాలా?

ఇవాళ నా ప్రసంగమంతా ఈ ప్రశ్న మీదే. ఇంత పెద్ద సభకు ఇంత చిన్న ప్రశ్న తెచ్చాడేమిటని అనుకోవద్దు. పురపాలక ప్రజారోగ్య విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి, ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. రెండు డబ్బాల్లో దేని పేరు చెప్పినా తప్పే అవుతుందని తెలిసి నీళ్ళు నమిలిన సందర్భాలే ఎక్కువ.

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ చెప్పారు. సమీకరణం ఎంత పొందిగ్గా రాసినా సరే, బాణం గుర్తు మీద ఉష్ణోగ్రత, పీడనం, ఉత్ప్రేరకం రాయకపోతే అర మార్కు కోసేవారు. ఎవడైనా గొణిగితే, "గాలిలో నైట్రోజనూ ఆక్సిజనూ పక్కపక్కనే ఉన్నాయి కదరా, మరి మనం నైట్రిక్ ఆసిడ్‌లో ఎందుకు తడవట్లేదు?" అనేవారు. ఆ అర మార్కు బాధ ఇక్కడ కూర్చున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు కూరగాయల బజారులోనూ, స్వీటు షాపులోనూ ఇచ్చే ఆకుపచ్చ సంచుల మీద "నేను ప్లాస్టిక్‌ను కాదు", "180 రోజుల్లో మట్టినవుతాను" అని అచ్చేసి ఉంటుంది. అవన్నీ బాణం మీద ఏమీ రాయని సమీకరణాలే. మాస్టారు ఉంటే సంచికి అర మార్కు తగ్గించి చేతికిచ్చేవారు.

బాణం మీద ఏముండాలో ప్రమాణంలో స్పష్టంగానే ఉంది. మన దేశంలో దాని పేరు ఐఎస్/ఐఎస్ఓ 17088. సంచి ముక్కల్ని బాగా మాగిన కంపోస్టుతో కలిపి, తేమ ఆరిపోకుండా, గాలి ఆడేలా, 58 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. 12 వారాలయ్యాక 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. జల్లెడ పైన మిగిలింది మొదటి బరువులో పదో వంతుకు మించకూడదు. ఆరు నెలల్లోగా అందులోని కర్బనం 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారిపోవాలి. తయారైన ఎరువులో విత్తనం మొలవాలి, బరువు లోహాలు హద్దులో ఉండాలి. సిపెట్ లాంటి ప్రయోగశాలలో ఈ పరీక్షలు నెగ్గితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఇస్తుంది. పరీక్ష గట్టిదే. నెగ్గిన సంచి కూడా బుద్ధిమంతమైన సంచే. నా పేచీ వాటితో కాదు. ఆ 58 డిగ్రీలు మన ఊళ్ళో ఎక్కడున్నాయని అడుగుతున్నాను, అంతే.

సంచి ఒంట్లో ఏముందో కూడా చెప్పుకుందాం. చేతికి పట్టులా మెత్తగా తగిలే ఈ కవర్లలో ఎక్కువ పాళ్ళు ఉండేది పీబీఏటీ అనే పాలిమర్. అది సాధారణంగా పెట్రోలియం నుంచే వస్తుంది. దానికి పిండి పదార్థమో, పీఎల్ఏ అనే మరో పాలిమరో కలుపుతారు. పీఎల్ఏ మొక్కజొన్న, చెరకు చక్కెరల నుంచి వచ్చేది. సంచి మీద మొక్కజొన్న కంకి బొమ్మ వేస్తారు గాని చమురు బావి బొమ్మ ఎవరూ వేయరు. పెట్రోలియం నుంచి వచ్చింది కాబట్టి కుళ్ళదనుకోవడం పొరపాటు, పీబీఏటీ కుళ్ళుతుంది. మొక్క నుంచి వచ్చింది కాబట్టి కుళ్ళుతుందనుకోవడమూ పొరపాటే. బ్రెజిల్‌లో చెరకు నుంచి చేసే పాలిథీన్ ఉంది, అది అన్ని పాలిథీన్ల లాగానే ఏళ్ళకేళ్ళు పడి ఉంటుంది. ఇక పీఎల్ఏ సంగతి: దాని గొలుసులు దాదాపు 60 డిగ్రీల దగ్గర గాని సడలవు. సడలితే నీరు లోపలికి చొరబడి గొలుసును చిన్న చిన్న తునకలు చేస్తుంది. అప్పుడు సూక్ష్మజీవుల వంతు వస్తుంది. 35 డిగ్రీల దగ్గర అదే పీఎల్ఏ గ్లాసు నెలల తరబడి గ్లాసుగానే ఉంటుంది.

మిద్దె తోటలు పెంచే మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. అరటి తొక్కలు, టీ పొడి, కూర తరుగు వేసే ఆ కుండీ అంతగా వేడెక్కదు. వేడి పుట్టాలంటే కుప్పకు పరిమాణం కావాలి, పుట్టిన వేడి బయటికి పోకుండా చుట్టూ దుప్పటిలా చెత్తే ఉండాలి. మూడడుగుల కుండీకి అది సాధ్యపడదు. రెంటచింతల ఎండలో పెడితే చాలదా అని ఒకాయన నన్నడిగారు. చాలదు. ఎండ కుండీని వేడి చేస్తూనే తేమను లాగేస్తుంది. సూక్ష్మజీవులకు వేడీ తడీ కలిపి కావాలి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు బ్రిటన్ అంతటా పెరటి కంపోస్టు వేసేవాళ్ళ చేత ఈ రకం ప్లాస్టిక్కుల్ని కుప్పలో వేయించి చూసి, 2022లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి కంపోస్టులోనే కుళ్ళుతుందని ప్రత్యేకంగా సర్టిఫికెట్ పొందిన ప్లాస్టిక్కుల్లో కూడా 60 శాతం పూర్తిగా విడిపోలేదు. అంతకుముందు 2019లో ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ రకరకాల సంచుల్ని మట్టిలో పాతారు, సముద్రంలో వేలాడదీశారు. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో కనపడకుండా పోయింది. మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా ఉంది, బరువు మోసే సత్తువ పోయిందంతే. అదే పరిశోధనలో "బయోడిగ్రేడబుల్" అని ముద్ర వేసిన మరో రకం సంచి, మూడేళ్ళు మట్టిలో ఉన్నాక తీసి సరుకులు వేస్తే మోసింది!

కుండీని వదిలేద్దాం. పొడి చెత్తలో వేస్తే?

మా ఊరి స్క్రాప్ షాపులో ఏరేవాళ్ళ చేతులు చూడాలి. ఎల్.డి., హెచ్.డి., పీపీ అంటూ కవరు పేరు చదవకుండానే విడదీస్తారు. నలిపితే వచ్చే చప్పుడును బట్టి, సాగే తీరును బట్టి, మరీ అనుమానమొస్తే మూల వెలిగించి పొగ వాసనను బట్టి. ఈ కొత్త కవరు నలిపితే ఎల్.డి. లాగా చప్పుడు చేయదు, గుంజితే దానికంటే ఎక్కువ సాగుతుంది. తెలిసినవాడు పక్కన పడేస్తాడు. కిలోకు దక్కేదే తక్కువైన కవర్ల గుట్టలో ఎవరు ఒక్కొక్కటీ నలిపి చూస్తారు? గుట్ట గుట్టగా గ్రాన్యూల్స్ చేసే యూనిట్‌కు పోతుంది. అక్కడ నీళ్ళ తొట్టి ఉంటే కొంత నయం. పాలిథీన్ నీటి కంటే తేలిక, తేలుతుంది. పీబీఏటీ, పీఎల్ఏ నీటి కంటే బరువు, మునుగుతాయి. కాకపోతే నలిగి ముద్దయిన కవరులో గాలి బుడగ చిక్కుకుంటే మునిగేదీ తేలుతుంది. అది మిషన్లోకి పోయిందంటే కరిగిన పాలిథీన్‌లో సరిగా కలవదు, గడ్డలుగా నిలుస్తుంది. ఆ గ్రాన్యూల్స్‌తో లాగిన షీటుకు చిల్లులు పడతాయి.

సీసాల దగ్గర ఇంకో ఇబ్బంది. పీఎల్ఏతో చేసిన పారదర్శకమైన గ్లాసులు, డబ్బాలు చూడ్డానికి అచ్చం పెట్ సీసా లాగే ఉంటాయి. రెండూ నీళ్ళలో మునిగేవే, కాబట్టి తొట్టి వాటిని విడదీయలేదు. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. పీఎల్ఏ 150 నుంచి 180 మధ్యే కరిగిపోయి, పెట్ కరిగే వేడికి మాడి పసుపెక్కుతుంది, మొత్తం సరుకు మసకబారుతుంది. పరారుణ కిరణాలతో పసిగట్టి విడదీసే యంత్రాలు ఉన్నాయి, అవి కొన్న పెద్ద ప్లాంట్లకు చిక్కు లేదు. మన దగ్గర సీసాల్లో పెద్ద భాగం అక్కడిదాకా వెళ్ళేముందు ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలుసు. నష్టం ఆ చేతులదే.

మరి తడి చెత్త? కుళ్ళేదే కదా, తడి చెత్తలోనే వేయాలని చదువుకున్నవాళ్ళంతా చెబుతారు. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

మా ప్రాంతంలో ఒక పంచాయతీ షెడ్డుకు వెళ్ళాను. రిక్షా బండ్లలో చెత్త వచ్చింది. గ్రీన్ అంబాసిడర్‌గా పనిచేసే ఒకావిడ తడి చెత్త కుమ్మరించి, ముడి వేసిన కవర్లను కొడవలి కొసతో చీల్చి, లోపలి అన్నం మెతుకులూ కాయ తొక్కలూ రాల్చి, కవర్లను ఎడంపక్కకు విసిరేస్తోంది. నల్ల కవరు, తెల్ల కవరు, ఆకుపచ్చ కవరు, అన్నీ ఎడంపక్కకే. ఒక ఆకుపచ్చ కవరు తీసి, "ఇది కుళ్ళేదేనమ్మా, చూడు, దీని మీద రాసుంది" అన్నాను. ఆవిడ చదవలేదు, చేతులకు అంటిన జిగురు కవరుకే తుడుచుకుంది. "అందరూ అట్టాగే అంటారు సార్. నిరుడు ఒకటి లోపల వదిలేశాం. మూణ్ణెల్ల తర్వాత పార వేస్తే పారకు చుట్టుకుని వచ్చింది. ఎరువులో కవరు ముక్క కనపడితే రైతు బస్తా కట్టనియ్యడు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ షెడ్డులో తయారయ్యేది వానపాముల ఎరువు. పేడా చెత్తా కలిపి కొన్నాళ్ళు మగ్గనిచ్చి, చల్లారాక పాముల్ని వదులుతారు. 35 డిగ్రీలు దాటితే పాములు తట్టుకోలేవు, చచ్చిపోతాయి. అందుకని గోనెపట్టాలు కప్పి, నీళ్ళు చల్లి తొట్టెను చల్లగా ఉంచడమే ఆవిడ రోజువారీ పని. సంచికి 58 డిగ్రీలు కావాలి, పాముకు 58 డిగ్రీలు చావు. తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీలు కట్టుకున్న షెడ్లలో వానపాముల తొట్లు చాలా ఉన్నాయి. అవి మంచివే. ఆ సంచి కోసం కట్టినవి కావు.

నగరాల్లో పొడుగాటి వరుసలుగా కుప్పలు పోసి తిప్పే కంపోస్టు ప్లాంట్లున్నాయి. వాటిలో వేడి పుడుతుంది, 60 దాటుతుంది కూడా. కుప్పను ఇలా వేడెక్కించి తిప్పే పద్ధతిని పుస్తకంగా రాసింది కూడా మన దేశంలోనే. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, తన సహోద్యోగి యశ్వంత్ వాద్‌తో కలిసి రాశాడు. ఆయన కుప్పకు మూడు నెలలు ఇచ్చేవాడు. ఇప్పటి ప్లాంటులో చాలాచోట్ల నెలా నెలన్నరలో జల్లెడ పట్టి, వెనక వచ్చే లారీలకు జాగా చేయాలి. పైగా ప్లాంటు ముఖద్వారంలోనే తిరిగే పెద్ద జల్లెడ ఉంటుంది. కవరన్నది ఏదైనా పైన ఆగిపోయి అక్కడే విడిపోతుంది. లోపలికి పోయి కుళ్ళే అవకాశమే దానికి రాదు. దాన్ని రాసులు పోసి ఇంధనంగా కాల్చడానికి పంపుతారు, లేదా జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ గాలి చొరబడని లోతులో అది కుళ్ళకపోతే మామూలు ప్లాస్టిక్‌తో సమానం. కుళ్ళిందా, మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచే వాయువది. అంటే అక్కడ కుళ్ళకపోవడమే మేలన్న మాట.

ఇక చట్టం. క్యారీ బ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లు నిషేధించారు. కంపోస్టబుల్ సంచికి మందం నిబంధన వర్తించదని మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు వెనక ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే, పలచనిది త్వరగా కుళ్ళుతుంది. వ్యాపారికి మాత్రం అందులో కనిపించేది పలచదనమే. తనిఖీకి వచ్చిన ఉద్యోగి దగ్గర మైక్రాన్లు కొలిచే గేజి ఉంటుంది, కుళ్ళే గుణం కొలిచేది ఉండదు. ఆ పరీక్షకు నెలలు పడుతుంది. సంచి మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉండాలని నిబంధన. అవి లేకుండా కంకి బొమ్మ, ఆకుపచ్చ రంగు మాత్రమే ఉన్న సంచి కనిపిస్తే నేను దాన్ని మామూలు ప్లాస్టిక్ కిందే లెక్క వేస్తాను. మీరూ వేయండి.

2022 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్పత్తిదారు బాధ్యత మార్గదర్శకాల్లో ఒక మాట ఉంది. దాన్ని ఎవరూ గట్టిగా పట్టించుకోరు. ప్యాకేజింగును వర్గాలుగా విడదీసి, కంపోస్టబుల్ ప్లాస్టిక్‌ను నాలుగో వర్గంలో పెట్టారు. దాని రీసైక్లింగ్ అంటే పారిశ్రామిక కంపోస్టు ప్లాంటులో కుళ్ళబెట్టడమేనని అక్కడే రాశారు. మాస్టారు అడిగిన బాణం మీది షరతు ప్రభుత్వానికి తెలుసన్నమాట. అయినా సంచి ఇంటి నుంచి ఆ ప్లాంటు దాకా ఏ బండిలో, ఎవరి ఖర్చుతో పోవాలో ఇంటివాళ్ళకు గాని, స్వచ్ఛ ఆటో డ్రైవరుకు గాని ఎవరూ చెప్పలేదు. సంచి తయారు చేసేవాడికి సర్టిఫికెట్ అవసరమైంది. కుప్పకు ఏ సర్టిఫికెట్టూ అడగలేదు.

ఇటలీలో వేరేగా జరిగింది. 2011లో అక్కడ పలచటి క్యారీ బ్యాగులు కంపోస్టబుల్‌వే అయి ఉండాలని చట్టం అమల్లోకి తెచ్చారు. 2012 నుంచి మిలాన్ నగరంలో ఇంటింటికీ వంటింటి చెత్త విడిగా తీసుకోవడం మొదలుపెట్టి, 2014 నాటికి ఊరంతా విస్తరించారు. కూరగాయలు తెచ్చుకున్న సంచే వంటింటి చెత్త డబ్బాలో లోపలి కవరు అవుతుంది, అందులోని చెత్తతో సహా దాన్ని తీసుకునే ప్లాంటుకు పోతుంది. సంచీ, కుప్పా ఒకేసారి వచ్చాయి. అక్కడా అందరూ సంతోషించలేదు. 2018 జనవరిలో పళ్ళ సంచులకు కూడా డబ్బులు పెట్టినప్పుడు జనం దుకాణాల్లో గోల గోల చేశారు. బ్రిటన్‌లో వంటింటి చెత్తను గాలి లేని ట్యాంకుల్లో కుళ్ళబెట్టి గ్యాసు తీసే ప్లాంట్లు ఎక్కువ. కుళ్ళే సంచయినా కాకపోయినా చాలా ప్లాంట్లలో యంత్రం ముందే చీరి అవతల పారేస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళు ఈ తంటా రోజూ పడుతుంటారు. 2022 నుంచి ఆ రాష్ట్రమంతా వంటింటి చెత్త విడిగా ఇవ్వాలని చట్టం. అయితే ఒక ఊళ్ళో ఆకుపచ్చ డబ్బాలో కంపోస్టబుల్ సంచి వేయొచ్చు, పక్క ఊళ్ళో వేయకూడదు. 2019లో ఒరెగాన్ రాష్ట్రంలో కంపోస్టు చేసే సంస్థలు కొన్ని కలిసి, మాకు ఈ ప్యాకేజింగు వద్దే వద్దని బహిరంగంగా ప్రకటన ఇచ్చాయి.

అంటే ఈ సంచులన్నీ దండగనా? అలా అనను. పెళ్ళి భోజనాలు, జాతరలు, క్రికెట్ మైదానాలు, దేవస్థానం అన్నదానాలు ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా ఒకేచోట తిని ఒకేచోట పారేస్తారు. అక్కడ వాడే సామగ్రినంతా కంపోస్టబుల్‌ది పెట్టి, ఎంగిలితో సహా ఒకే లారీలో వేడి కుప్పకు పంపితే పని జరుగుతుంది. వీధి వీధికీ చెదిరిపోయే క్యారీ బ్యాగుకు ఆ వసతి లేదు. చెరకు పిప్పి ప్లేటు కుండీలో కూడా నెమ్మదిగా కుళ్ళుతుంది, మోదుగాకు విస్తరి పెంటకుప్పలో వేస్తే ఎవరి సర్టిఫికెట్టూ అడగదు. పీఎల్ఏ పూత పూసిన కాగితం కప్పు మాత్రం విస్తరి పక్కన కూర్చునే అర్హత గలది కాదు, కాగితం పోయినా పూత మిగులుతుంది. తడి చెత్త డబ్బాలో లోపల కవరెందుకు, పాత న్యూస్‌పేపరు పరిస్తే చాలదా అనేది నా సొంత అభిప్రాయం. మా ఇంట్లో దీనికి వ్యతిరేకత ఉందని ఒప్పుకోవాలి.

ఈ సభలో పురపాలక సభ్యులు, పంచాయతీ సర్పంచులు కొందరున్నారు. వాళ్ళకు ఒక విన్నపం. పొడుగాటి కాడ ఉన్న కంపోస్టు థర్మామీటరు ఒకటి కొనండి, ఖరీదు ఎక్కువేం కాదు. ప్లాంటు గోడ మీద నల్లబల్ల పెట్టి, కుప్ప ఏ రోజు ఎంత వేడిలో ఉందో రాయించండి. వారాల తరబడి 55 పైన నిలిచే కుప్ప మీకుండి, ముందరి జల్లెడ దగ్గర ఆ సంచిని ఆపకుండా లోపలికి పోనిచ్చే ఏర్పాటు చేయగలిగితే, ఊళ్ళో దండోరా వేయించండి: సర్టిఫికెట్ నంబరున్న సంచిని తడి చెత్తతో ఇవ్వండని. లేకపోతే ఆ సంచుల అమ్మకానికి అనుమతి కోసం వచ్చిన దుకాణదారుడిని, వాడిన సంచి వెనక్కి తీసుకుని ఏ ప్లాంటుకు పంపుతావో రాసివ్వమనండి. రాసివ్వలేనివాడు గుడ్డ సంచులు అమ్ముకోవచ్చు. తిరుమల సంచి ఇంట్లో ఉన్న అక్కలకు, చెల్లెళ్ళకు నా జవాబు ఇది: చిరిగేదాకా వాడండి. చిరిగాక మీ ఊరి నల్లబల్ల మీద 55 కనపడకపోతే అటు తడిలోనూ వేయకండి, ఇటు సీసాలూ కవర్లతోనూ కలపకండి. దేనికీ పనికిరాని చెత్తగా విడిగా కట్టి ఇవ్వండి.